సంతకం ఊళ్లో, ఫిర్యాదు రాజధానిలో

దళితవాడల్లో ఆటో కొన్నా, ట్రాక్టర్ కొన్నా చాలావరకు ఫైనాన్స్ మీదే. ఆ కాగితాలు పేజీలకు పేజీలు ఇంగ్లిషులో ఉంటాయి. ఖాళీలు నింపకుండానే సంతకాలు పెట్టించుకోవడమూ మనకు కొత్త కాదు. నాలుగు కిస్తీలు తప్పితే బండి ఎత్తుకుపోతారు. అడిగితే "నువ్వే కదా సంతకం పెట్టింది" అంటారు.

ఈ మాటకు వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ఒక జవాబు ఇచ్చింది. 2020 జూలైలో అమల్లోకి వచ్చిన ఈ చట్టం, 1986 నాటి పాత చట్టంలో లేని 'అన్యాయమైన కాంట్రాక్టు'ను సెక్షన్ 2(46)లో నిర్వచించింది. మితిమీరిన సెక్యూరిటీ డిపాజిట్, జరిగిన నష్టంతో పొంతన లేని జరిమానా, తగిన రుసుము కడతామన్నా అప్పు ముందే తీర్చనివ్వకపోవడం, సరైన కారణం లేకుండా ఒకవైపు నుంచే ఒప్పందం రద్దు చేసుకునే హక్కు... ఇవన్నీ అందులోకి వస్తాయి. సంతకం పెట్టినా సరే, అలాంటి షరతు చెల్లదని కమిషన్ ప్రకటించవచ్చు.

ఏ కమిషన్? మెలిక ఇక్కడే ఉంది. జిల్లా కమిషన్‌కు ఆ అధికారం ఇవ్వలేదు. సెక్షన్ 47 ప్రకారం అన్యాయమైన కాంట్రాక్టుపై ఫిర్యాదు రాష్ట్ర కమిషన్‌లోనే వేయాలి. చట్టం పెట్టిన 10 కోట్ల పరిమితి దాటితే జాతీయ కమిషన్‌కు పోవాలి. బండి నాసిరకమనో, సేవలో లోపమనో అయితే ఆదిలాబాద్ మనిషి తన జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు కూడా ఉండదు. అదే బండి కాంట్రాక్టులో షరతే అన్యాయం అన్నాడంటే హైదరాబాద్ పోవాలి. శ్రీకాకుళం మనిషి విజయవాడ పోవాలి. ఒక రోజు కూలి పోతే ఇల్లు గడవని వాళ్లకు ఇది చిన్న దూరం కాదు.

జిల్లాలో సేవాలోపం కేసు వేస్తే సరిపోదా అని అడగొచ్చు. ఒక్కోసారి సరిపోతుంది. సిటీకార్ప్ మారుతి ఫైనాన్స్ కేసులో 2011లో సుప్రీంకోర్టు, బండిని బలవంతంగా కాదు, చట్టప్రకారమే స్వాధీనం చేసుకోవాలంది. కానీ 2020లో మాగ్మా ఫిన్‌కార్ప్ కేసులో, హైర్ పర్చేజ్‌లో కిస్తీలన్నీ తీరేదాకా బండికి యజమాని ఫైనాన్స్ కంపెనీయేనని, బండి తీసుకునే ముందు నోటీసు ఇవ్వాలా వద్దా అన్నది ఒప్పందంలోని షరతులను బట్టి ఉంటుందని అంది. అంటే కోర్టు చివరికి ఆ ఇంగ్లిషు కాగితమే చూస్తుంది. ఆ కాగితం న్యాయమైనదేనా అన్న ప్రశ్న జిల్లాలో వేయలేం.

ఇంకో గీత మరీ సన్నగా గీశారు, చాలామంది కంట పడలేదు. వ్యాపారం కోసం కొన్నవాడు వినియోగదారుడు కాడు. అయితే స్వయం ఉపాధితో బతకడానికి కొన్నవాడికి మినహాయింపు ఉంది. సొంతంగా నడుపుకోవడానికి ఆటో కొన్న మనిషి వినియోగదారుడేనని లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2002 సవరణ తర్వాత పాత చట్టంలో ఈ మినహాయింపు 'వస్తువులకు, సేవలకు' రెండింటికీ ఉండేది. కొత్త చట్టంలో 'సేవలు' మాయమైంది. ఆటో వస్తువు, దానికిచ్చిన అప్పు సేవ. బతుకుతెరువు కోసం తీసుకున్న అప్పు వ్యాపార అవసరానిదేనని కంపెనీ లాయరు వాదించడానికి సందు దొరికినట్టే. ఫిర్యాదు రాసేటప్పుడే, బండి తానే నడుపుతున్నానని, కుటుంబానికి అదే ఆధారమని లైసెన్సు, పర్మిట్ జతచేసి స్పష్టంగా రాయాలి.

గడువు రెండేళ్లు (సెక్షన్ 69). ఆలస్యానికి తగిన కారణం చూపితే కమిషన్ మన్నించవచ్చు. కానీ దాని మీద ఆశ పెట్టుకోకూడదు.

కాంట్రాక్టు లాక్కోలేనివీ కొన్ని ఉన్నాయి. 'ఆరు నెలల్లో కేసు వేయకపోతే హక్కు పోతుంది' లాంటి షరతు, 1997 నుంచి అమల్లో ఉన్న కాంట్రాక్టు చట్టం సెక్షన్ 28 సవరణ ప్రకారం చెల్లదు. వివాదాలన్నీ ముంబైలోనే తేల్చుకోవాలని రాసి ఉన్నా, మనం ఉండే చోట లేదా పనిచేసుకునే చోట ఫిర్యాదు వేయడానికి 2019 చట్టమే వీలిచ్చింది. ఆర్బిట్రేషన్ షరతు వినియోగదారుల ఫిర్యాదుకు అడ్డు కాదని 2018లో ఎమార్ ఎంజీఎఫ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అలాగని ఆర్బిట్రేటర్ నుంచి వచ్చిన నోటీసును చూరులో దోపి ఊరుకోవద్దు. అవార్డు వచ్చాక దారి ఇరుకవుతుంది.

రాజధాని దూరాన్ని కొంత తగ్గించుకునే మార్గాలూ చట్టంలో ఉన్నాయి. ఫిర్యాదు ఆన్‌లైన్‌లో వేయొచ్చు, విచారణ వీడియో కాన్ఫరెన్స్‌లో జరపమని దరఖాస్తు పెట్టుకోవచ్చు. అంతకంటే ముఖ్యమైనది సెక్షన్ 35. ఒకే ప్రయోజనం ఉన్న వినియోగదారులు కమిషన్ అనుమతితో అందరి తరఫునా ఒకే ఫిర్యాదు వేయొచ్చు, రిజిస్టరైన స్వచ్ఛంద వినియోగదారుల సంఘమూ వేయొచ్చు. ఒక కంపెనీ ఊరంతా ఒకే అచ్చు కాగితం మీద సంతకాలు తీసుకుంటుంది. వాడలో ఇరవై ఇళ్లలో ఆ కాగితాలు దొరుకుతాయి. వాటిని పోగుచేసి, ఒకే షరతు ఎన్నింట్లో ఉందో గుర్తించి, తెలుగులో చదివి వినిపించే పని లా విద్యార్థులు ఈ సెలవుల్లోనే మొదలుపెట్టొచ్చు. కాపీ ఇవ్వకపోతే రాతపూర్వకంగా అడిగి, రసీదు దాచుకోవాలి.

వసూలుకు వచ్చినవాళ్లు నలుగురి ముందు కులం పేరుతో తిడితే అది కిస్తీ గొడవ కాదు. అలా తిట్టినవాడు ఎస్సీ, ఎస్టీ కానివాడైతే అది 1989 అట్రాసిటీ చట్టం సెక్షన్ 3(1)(ఆర్), (ఎస్) కింద నేరం. దానికి రాష్ట్ర కమిషన్ దాకా పోనక్కర్లేదు, పోలీస్ స్టేషన్‌లోనే ఫిర్యాదు ఇవ్వాలి. బాకీ ఉన్నంత మాత్రాన ఆ కేసు ఆగదు.