చిగుళ్ళ నెత్తురు చిన్న విషయం కాదు

కూలీల సభల్లో కూలిరేట్ల గురించి మాట్లాడతాం. భూమి గురించి, ఇళ్ళ స్థలాల గురించి, పురుగుమందు కొట్టేటప్పుడు పడిపోయినవాళ్ళ గురించి కూడా మాట్లాడతాం. పళ్ళ గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. పళ్ళ డాక్టరు పట్నంలో ఉద్యోగస్తుల కోసం ఉన్నాడనీ, మనకు పన్ను పాడైతే పీకించుకోవడం ఒక్కటే వైద్యమనీ మనవాళ్ళలో చాలామంది ఎప్పుడో తీర్మానించేసుకున్నారు.

ఏ కూలిపేటకైనా వెళ్ళి చూడండి. నలభై అయిదేళ్ళు నిండకుండానే ముందరి పళ్ళు కదిలి, జొన్నరొట్టెను పులుసులో నానేసుకుని తినేవాళ్ళు కనిపిస్తారు. అడిగితే "వయసు గదన్నా" అంటారు. నలభై అయిదు ఒక వయసా? అదే వయసున్న ఆసామి చెరకుగడ నములుతున్నాడు గదా! ఇంకొకరు "ఒంట్లో వేడి" అంటారు. కర్నూలు పడమటి మండలాల నుంచి గుంటూరు వైపు మిరపకోతకు వలసవచ్చిన ఒక చెల్లెమ్మ నాతో అన్న మాట ఇది: "పళ్ళు తోమితే నెత్తురు రావడం కొత్తేముందన్నా, పెళ్ళయినకాడ్నించీ వస్తానే ఉంది." రోజంతా మిరపకాయలు కోసిన చేత్తో అన్నం తింటే ఆ చిగురు ఎంత మండుతుందో చెప్పక్కర్లేదు.

ఇది వయసూ కాదు, వేడీ కాదు. పాచి చేసే పని.

పొద్దున లేవగానే నాలుకతో తడిమితే పళ్ళమీద జిగురుగా తగిలేదే పాచి. అదంతా కంటికి ఆనని క్రిముల పొర. తోమితే పోతుంది, కొన్ని గంటల్లోనే మళ్ళీ పట్టడం మొదలవుతుంది. రోజూ తోమేస్తుంటే దానితో పెద్ద పేచీ లేదు. చిగురు అంచున, పంటికీ పంటికీ సందున, పుల్ల చేరని చోట నిలవుండిపోయిన పాచిలో మన ఉమ్మిలోని సున్నపు లవణాలు దిగి, కొద్ది రోజుల్లోనే అది గట్టిపడుతుంది. దాన్నే మనం గార అంటున్నాం. చవుడు నీళ్ళు కాచే కుండలో అడుగున పేరుకునే తెల్లటి పొలుసు చూశారు గదా, ఇదీ ఆ జాతిదే. గరుకైన ఆ గారమీద కొత్త పాచి ఇంకా తేలిగ్గా అంటుకుంటుంది. చిగురు ఎర్రబడి ఉబ్బుతుంది, తాకితే నెత్తురొస్తుంది. నొప్పి మాత్రం ఉండదు. నొప్పి లేని జబ్బుకు కూలి పోగొట్టుకుని ఆస్పత్రికి ఎవరు పోతారు?

ఈ దశలో పట్టించుకుంటే చిగురు మళ్ళీ మామూలైపోతుంది. 1965లో డెన్మార్కులో హారాల్డ్ లోయే అనే దంత శాస్త్రజ్ఞుడూ ఆయన తోటివారూ దీన్ని రుజువు చేశారు. ఆరోగ్యంగా ఉన్న 12 మంది చేత పళ్ళు తోముకోవడం మాన్పించారు. మూడు వారాల లోపే అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోమడం మొదలుపెట్టాక తగ్గిపోయాయి. నెత్తురు వస్తోంది గదా అని తోమడం మానేసేవాళ్ళు మనలో ఉన్నారు. చేయాల్సింది సరిగ్గా దానికి ఎదురు.

వదిలేస్తే చిగురు పంటిని విడిచి సంచిలా లోతు పడుతుంది. గార ఆ సంచిలోకి దిగుతుంది. లోపల పంటిని పట్టుకున్న ఎముక కరగడం మొదలవుతుంది. కాలవ గట్టు కోసుకుపోతే చెట్టు ఎలా ఒరుగుతుందో పన్నూ అలాగే ఒరుగుతుంది, కదులుతుంది, పురుగు తినని గట్టి పన్ను కూడా ఊడి చేతిలోకొస్తుంది. కరిగిన ఎముక చాలావరకు తిరిగి రాదు. మిగిలినదాన్ని నిలబెట్టుకోవడమే మన చేతిలో ఉన్నది.

"అది మా ఒంటి తత్వం, మా నాయనకూ ఇంతే" అనేవాళ్ళకు శ్రీలంక తేయాకు తోటల సంగతి చెప్పాలి. బ్రిటిష్ దొరలు తమిళ దేశం నుంచి ఓడలెక్కించి తీసుకుపోయిన కూలీల సంతతి ఆ తోటల్లో ఆకు కోస్తూ బతికింది. స్వాతంత్ర్యం వచ్చిన సంవత్సరమే, 1948 చట్టంతో, వాళ్ళలో అత్యధికులకు పౌరసత్వం లేకుండా చేశారు. అలాంటి తోటలు రెండింట్లో 480 మంది మగకూలీల నోళ్ళను 1970 నుంచి 1985 దాకా, పదిహేనేళ్ళపాటు, మళ్ళీ మళ్ళీ పరీక్షించి లెక్కరాశారు. రాసింది ఈ లోయే బృందమే. ఆ కూలీలు బ్రష్షు ఎరగరు, పళ్ళ వైద్యమనేది వాళ్ళకు ఏ రోజూ అందలేదు. దాదాపు అందరి చిగుళ్ళూ వాచే ఉన్నాయి. పోల్చి చూడటానికి అవతల నార్వేలో, ఓస్లో నగరపు విద్యార్థులనూ చదువుకున్న మగవాళ్ళనూ తీసుకున్నారు. వాళ్ళకు మూడో ఏటి నుంచే దంత వైద్యం అందింది.

నలభై ఏళ్ళు వచ్చేసరికి ఓస్లోవాళ్ళ పంటిపట్టు సగటున ఒకటిన్నర మిల్లీమీటరు జారింది. తేయాకు కూలీలకు నాలుగున్నర మిల్లీమీటర్లు జారింది. మూడింతలు! తత్వమే కారణమని ఎవరైనా వాదించవచ్చు. కొంత నిజం లేకపోలేదు కూడా. ఆ 480 మందిలో సుమారు 11 శాతానికి, ఏ వైద్యమూ లేకపోయినా, జబ్బు చిగురు వాపు దాటి లోపలికి పోలేదు. 8 శాతానికి మాత్రం గబగబా ఎముక కరిగిపోయింది. మిగతా 81 శాతం మధ్యస్థంగా, ఏటికేడాదీ కొంచెం కొంచెంగా పట్టు పోగొట్టుకున్నారు. తత్వం పనిచేసేది ఈ తేడాలో. కానీ పెద్దభాగానికి దారి చూపింది తోమని పాచీ, తీయని గారా. నలభై ఏళ్ళ తర్వాత, 2010లో, మిగిలినవారిలో 75 మందిని మళ్ళీ పరీక్షించారు. 2017లో వెలువడిన ఆ నివేదిక కూడా గార తీయడం, పాచి పట్టకుండా చూసుకోవడం, చిగురు వాపును అదుపు చేయడమే అసలు మందని తేల్చింది. శాస్త్రానికి అంత మేలు చేసిన ఆ కూలీల నోళ్ళకు ఆ పదిహేనేళ్ళలో అందింది పరీక్షే. నాకైతే ఈ లెక్కలు చదువుతున్నంతసేపూ మన పేటలే గుర్తొచ్చాయి.

గార ఒకసారి గట్టిపడ్డాక బ్రష్షుతో పోదు, వేపపుల్లతో పోదు, ఉప్పుతో పోదు. ఇటుక పొడి, బొగ్గు, కచ్చిక పెట్టి రుద్దితే గార పోదు సరిగదా పంటిపై పింగాణీ అరుగుతుంది. దాన్ని పరికరంతో తీయాల్సిందే. డాక్టరు సన్నగా అదిరే మొన ఉన్న యంత్రంతో, నీళ్ళు చిమ్ముతూ, గారను పెళ్ళలుగా రాల్చేస్తాడు. చేతి పరికరాలతో చిగురు కింద ఉన్నదాన్ని గీకి వేరును నున్నగా చేస్తాడు. పైపైన గార అయితే అరగంట, గంటలో పని అయిపోతుంది. లోతుగా ఉంటే మందిచ్చి తిమ్మిరెక్కించి రెండు మూడు దఫాలుగా చేస్తారు.

"గార తీయిస్తే పళ్ళు వదులైపోతాయి" అనే మాట ఊరూరా ఉంది. పుట్టుక ఎక్కడో చూడండి. ఎముక అప్పటికే కరిగి, గార గోడలా అడ్డుపడి పళ్ళను అతికించి నిలబెట్టి ఉంటుంది. ఆ గోడ తీసేసరికి పన్ను అసలు స్థితి బయటపడుతుంది. వాపు తగ్గడంతో పంటి సందులూ కనిపిస్తాయి, కొన్నాళ్ళు చల్లనీళ్ళు జివ్వుమంటాయి. అప్పుడు నింద గార తీసినవాడి మీద పడుతుంది. ఇంకొక మాట. నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడు నీళ్ళు తాగినవాళ్ళ పళ్ళమీది గోధుమరంగు మచ్చ గార కాదు. అది పంటిలోనే ఉంది, గీకితే పోదు. దానికి డబ్బు తగలేయొద్దు.

ఎన్నాళ్ళకొకసారి తీయించాలి? "ఆరు నెలలకొకసారి, అందరూ" అని ప్రైవేటు క్లినిక్కుల బోర్డులు చెబుతాయి. 2018లో కాక్రేన్ సంస్థ అధ్యయనాలన్నీ జల్లెడపట్టి, ముదిరిన చిగుళ్ళ జబ్బు లేనివాళ్ళకు ఆరు నెలలకొకసారి తప్పనిసరిగా తీయించినందువల్ల దాదాపు తేడా లేదని తేల్చింది. కనుక చిగురు గట్టిగా ఉన్నవాళ్ళు ఏడాదికొకసారి చూపించుకుంటే చాలు. నెత్తురు వచ్చేవాళ్ళు, పన్ను కదిలేవాళ్ళు మాత్రం ముందు పూర్తి వైద్యం చేయించుకుని, డాక్టరు చెప్పిన గడువుకు, అది మూడు నెలలైనా సరే, మళ్ళీ పోవాలి.

చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా సంగతి. ఆకలి చంపుకోడానికి మొదలుపెట్టి వదలలేకపోతున్నవాళ్ళను తిట్టి లాభం లేదు. కానీ ఒక్కటి తెలుసుకోవాలి. పొగాకు చిగురులో నెత్తురు నాళాలను ముడుస్తుంది. జబ్బు ముదురుతున్నా నెత్తురు కనబడదు, "నాకేం లేదు" అనిపిస్తుంది. వైద్యం చేసినా చిగురు సరిగా మానదు. ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ తాగే అక్కలకైతే అంగిట్లో కాన్సరు ముప్పు కూడా ఉంది.

షుగరు జబ్బుకూ చిగురు జబ్బుకూ రెండువైపుల లంకె. షుగరు ఉంటే చిగురు తొందరగా పాడవుతుంది, చిగురుకు వైద్యం చేస్తే షుగరు కొంత దిగుతుంది. కడుపుతో ఉన్న ఆడవాళ్ళకు చిగుళ్ళు మరీ వాస్తాయి. వాళ్ళు గార తీయించుకోకూడదనేది అపోహ. నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా కుర్చీలో పడుకోవడానికీ వీలుగా ఉంటుంది.

ఇంటి దగ్గర మెత్తటి బ్రష్షు, ఫ్లోరైడు పేస్టు చాలు. శనగగింజంత వేసుకుని రెండు పూటలా, ముఖ్యంగా పడుకునే ముందు తోమాలి. వేపపుల్లను తీసిపారేయనక్కర్లేదు, కొస బాగా నమిలి కుంచెలా చేసి చిగురును రాపాడకుండా తోమితే పనికొస్తుంది. వలసపోయేటప్పుడు మూటలో గిన్నెలతోపాటు ఇంటిల్లిపాదికీ తలా ఒక బ్రష్షు పెట్టుకోండి. ఒకే బ్రష్షు నలుగురు వాడొద్దు.

ఇక ఎక్కడికి పోవాలి? ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పళ్ళ డాక్టరు ఉండడు. జిల్లా ఆస్పత్రిలో, ఏరియా ఆస్పత్రిలో ఉంటాడు. హైదరాబాదు, విజయవాడ, కడపల్లో ప్రభుత్వ దంత కళాశాలలున్నాయి. 1948 నాటి దంతవైద్యుల చట్టం డాక్టరుతోపాటు గార తీయడానికి శిక్షణ పొందిన హైజీనిస్టును కూడా గుర్తించింది. అలాంటి ఒక్క మనిషి, ఒక్క యంత్రం వారానికొకరోజు ఆరోగ్య కేంద్రానికి వస్తే కూలీ బస్సు ఛార్జీ, ఒక రోజు కూలి మిగులుతాయి. ఫ్యాక్టరీ కార్మికుడికి ఈఎస్ఐ ఉంది, పొలంలో కార్మికుడికి అదీ లేదు. మండల మహాసభల తీర్మానాల్లో ఈ డిమాండు చేర్చండి. ఆస్పత్రిలో పోస్టు ఖాళీగా ఉందా, యంత్రం చెడి మూలపడిందా అన్నది వెళ్ళి చూసి, తేదీతో సహా రాసుకొచ్చి వినతిపత్రంలో పెట్టండి.

అందాకా పది మంది కలిసి, నాట్లకూ కోతలకూ మధ్య పని లేని రోజు చూసుకుని పోండి. షుగరు, గుండెజబ్బు, నెత్తురు పలచనయ్యే మాత్రలు ఉంటే ముందే డాక్టరుకు చెప్పండి. తీసిన రోజు కాస్త నెత్తురు కారుతుంది, గోరువెచ్చటి ఉప్పునీళ్ళు పుక్కిలించండి. ఆ రెండు మూడు రోజులూ మిరపకారం, చుట్ట వద్దు. రెండో దఫా రమ్మంటే, నొప్పి లేదు గదా అని మానేయకండి.