దేవరకొండలో కంప్యూటర్, హైదరాబాద్‌లో నాన్న

పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో ఏడో తరగతి పాప వాళ్ల నాన్నగారు ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టి, లేవబోతూ ఆగి అడిగారు. "సార్, నేను వారమంతా హైదరాబాద్‌లనే ఉంటా. శనివారం రాత్రి వస్త. కంప్యూటర్ ఏమో ఇక్కడుంటది. రాత్రి తొమ్మిదింటికి పాప ఫోన్ చేసి, 'డాడీ, ప్రాజెక్ట్ ఫైల్ కనపడతలేదు' అంటది. నేను ఫోన్‌ల 'అది నొక్కు, ఇది నొక్కు' అని చెప్పుడు, ఆమె 'అది లేదు' అనుడు. గంట సేపు ఇదే లొల్లి. అక్కడి నుంచే ఇంటి కంప్యూటర్ చూసే ఉపాయం లేదా?"

ఉంది. దేవరకొండలో ఇల్లు, హైదరాబాద్‌లో పని ఉన్న తల్లిదండ్రులు మన బ్రాంచిలో చాలామందే ఉన్నారు కాబట్టి ఆయనకు చెప్పిన మాటలే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

దీన్ని రిమోట్ డెస్క్‌టాప్ అంటారు. ఇంటి కంప్యూటర్ తెర మీ ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో కనిపిస్తుంది. మీరు ఇక్కడ నొక్కితే అక్కడ నొక్కినట్టే. ఫైలు ఇంట్లోనే ఉంటుంది, మీరు సుమారు 110 కిలోమీటర్ల దూరం నుంచి దాన్ని తెరుస్తారు. డబ్బులు కట్టక్కర్లేదు. కానీ ఇది ఇంటి తాళంచెవి లాంటిది. ఎవరికి ఇస్తున్నాం, ఎంతసేపటికి ఇస్తున్నాం అన్నది ముందే తేల్చుకోవాలి.

నన్నడిగితే చాలామందికి శాశ్వత తాళంచెవి అవసరం లేదు. అవసరమైనప్పుడు లోపలి నుంచి పాపే తలుపు తీస్తే సరిపోతుంది. గూగుల్ వారి క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్‌లో ఆ ఏర్పాటు ఉంది. ఇంటి కంప్యూటర్‌లో క్రోమ్ తెరిచి 'రిమోట్‌డెస్క్‌టాప్ డాట్ గూగుల్ డాట్ కామ్' అని టైప్ చేయండి. అందులో 'షేర్ మై స్క్రీన్' అనే భాగం ఉంటుంది. మొదటిసారి ఒక చిన్న ప్రోగ్రామ్ డౌన్‌లోడ్ చేసి ఇన్‌స్టాల్ చేయమంటుంది. ఆ పని మాత్రం పాపకు వదలకుండా మీరు ఇంటికొచ్చిన ఆదివారం పూట చేసి పెట్టండి. ఆ తర్వాత ఎప్పుడు అవసరమైతే అప్పుడు పాప 'జెనరేట్ కోడ్' నొక్కుతుంది. 12 అంకెల కోడ్ వస్తుంది. ఫోన్‌లో మీకు చదివి చెబుతుంది. మీరు అదే వెబ్‌సైట్‌లో, రెండో పెట్టెలో ఆ అంకెలు కొడతారు. ఫలానా వాళ్లు మీ కంప్యూటర్ చూడాలనుకుంటున్నారు, ఒప్పుకుంటారా అని పాపను అడుగుతుంది. 'షేర్' నొక్కితేనే మీకు కనిపిస్తుంది. ఆ కోడ్ ఒక్కసారికే పనిచేస్తుంది. మధ్యలో ప్రతి 30 నిమిషాలకూ కొనసాగించాలా అని మళ్లీ అడుగుతుంది. పని అయిపోయాక ఆపేస్తే తలుపు మూసుకున్నట్టే.

ఇంట్లో ఎవరూ లేనప్పుడు కూడా ఫైళ్లు కావాలనుకునే వాళ్లకు రెండో పద్ధతి. అదే వెబ్‌సైట్‌లో రిమోట్ యాక్సెస్ భాగంలో 'టర్న్ ఆన్' నొక్కి, కంప్యూటర్‌కు ఒక పేరు, కనీసం 6 అంకెల పిన్ పెట్టాలి. ఇక ఎక్కడి నుంచైనా అదే గూగుల్ ఖాతాతో లాగిన్ అయి, ఆ పేరు మీద నొక్కి, పిన్ కొడితే చాలు. పుట్టినరోజు, బండి నంబరు, ఏటీఎం పిన్ ఇక్కడ పెట్టకండి.

ఈ పద్ధతిలో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. నాన్న తన సొంత జీమెయిల్‌తో ఇంటి కంప్యూటర్‌లో లాగిన్ అవుతారు, అలాగే వదిలేసి బస్సెక్కుతారు. ఇక ఆయన మెయిళ్లు, ఫోటోలు, క్రోమ్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు అన్నీ పిల్లల ముందు తెరిచి పెట్టినట్టే. దీనికోసమే విడిగా ఒక జీమెయిల్ ఖాతా తెరవండి. దానికి టూ-స్టెప్ వెరిఫికేషన్ పెట్టండి, అంటే పాస్‌వర్డ్ తెలిసినా మీ ఫోన్‌లో ఒప్పుకోనిదే ఎవరూ లోపలికి రాలేరు.

రెండో పొరపాటు నేనే చేశాను. ఒకసారి రెండు రోజుల ట్రైనింగ్‌కు హైదరాబాద్ వెళ్లాను. మార్కుల ఫైలు ఇంటి కంప్యూటర్‌లో ఉంది, అన్నీ సెట్ చేసుకున్నానన్న ధీమాతో పోయాను. రాత్రి లాడ్జిలో కూర్చుని తెరిస్తే 'ఆఫ్‌లైన్' అని వచ్చింది. కంప్యూటర్ నిద్రపోయింది! ఇంటికి ఫోన్ చేసి కీబోర్డ్ మీద ఏదో ఒక బటన్ నొక్కమంటే, మా ఆవిడ నవ్విన నవ్వు ఇప్పటికీ చెవుల్లో ఉంది. కంప్యూటర్ సార్ ఇంట్లో సంగతి ఇది. విండోస్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, పవర్ అని వెళ్లి, కరెంటుకు పెట్టి ఉన్నప్పుడు 'స్లీప్' దగ్గర 'నెవర్' అని పెట్టుకోవాలి. కరెంటు పోతే డెస్క్‌టాప్ ఎలాగూ ఆగిపోతుంది. ఇన్వర్టర్ ఉంటే కంప్యూటర్‌తో పాటు వైఫై రూటర్ కూడా దానికి కలిపి ఉందో లేదో చూడండి. కంప్యూటర్ వెలుగుతూ రూటర్ ఆరిపోతే లాభం లేదు.

విండోస్‌లోనే రిమోట్ డెస్క్‌టాప్ ఉంది కదా అని కొందరు అడుగుతారు. ఉంది. కానీ విండోస్ హోమ్ ఎడిషన్ ఉన్న కంప్యూటర్‌లోకి దాని ద్వారా బయటి నుంచి రాలేం, ప్రో లాంటి ఎడిషన్లు కావాలి. ఇళ్ల కోసం కొనే ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా ఉండేది హోమే. సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్‌లో చూస్తే తెలుస్తుంది. ప్రో ఉన్నా సరే, దానికోసం రూటర్‌లో 3389 అనే పోర్టు ఇంటర్నెట్‌కు తెరవమని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి. తెరిచి ఉన్న ఆ పోర్టుల కోసం ప్రపంచమంతా వెతికే వాళ్లున్నారు. 2019 మే నెలలో ఈ రిమోట్ డెస్క్‌టాప్‌లో 'బ్లూకీప్' అనే లోపం బయటపడితే, మైక్రోసాఫ్ట్ ఎప్పుడో సపోర్ట్ ఆపేసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా మరమ్మతు విడుదల చేయాల్సి వచ్చింది. క్రోమ్ పద్ధతిలో పోర్టు తెరిచే పనే లేదు. రెండు కంప్యూటర్లూ తమంతట తామే బయటికి వెళ్లి గూగుల్ దగ్గర ఒకరినొకరు గుర్తుపడతాయి. మీరు హైదరాబాద్ నుంచి, ఇంటివాళ్లు దేవరకొండ నుంచి బయలుదేరి కొండమల్లేపల్లి చౌరస్తాలో కలుసుకున్నట్టు.

ఇప్పుడు అసలు భయం సంగతి. పైన చెప్పిన కోడ్ మీరు పాపను అడిగితే సాయం. అదే కోడ్ తెలియనివాడు మిమ్మల్ని అడిగితే దొంగతనం. 2019 ఫిబ్రవరిలో రిజర్వ్ బ్యాంక్ సరిగ్గా ఇదే విషయం మీద బ్యాంకులను హెచ్చరించింది. ఎవరో ఫోన్ చేసి ఎనీడెస్క్ అనే యాప్ వేసుకోమంటారు. అందులో వచ్చే 9 అంకెల నంబరు చెప్పమంటారు. చెప్పి, అది అడిగిన అనుమతులన్నీ ఇచ్చేస్తే మీ ఫోన్ వాళ్ల చేతిలో ఉన్నట్టే. ఆ యాప్ దొంగది కాదు, ఎన్నో కంపెనీలు రోజూ వాడతాయి. దాన్ని అడ్డం పెట్టుకున్నవాళ్లే దొంగలు. ఇక్కడ ఒక మెలిక గమనించండి. మనం ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని నేర్చుకున్నాం, పిల్లలకూ నేర్పాం. కానీ ఇందులో వాడు ఓటీపీ అడగనే అడగడు. మీ ఫోన్‌కు మెసేజ్ వచ్చినప్పుడు తెర మీద తానే చదువుకుంటాడు. "నేనేమీ చెప్పలేదు సార్, డబ్బులు పోయినయ్" అని బాధితులు అనేది అందుకే, వాళ్లు అబద్ధం చెప్పడం లేదు.

కేవైసీ అనీ, కరెంటు బిల్లనీ, పార్సిల్ అనీ రకరకాలుగా ఫోన్లు వస్తాయి. స్కూల్ పేరు కూడా వాడుకోవచ్చు. అందుకే స్పష్టంగా చెబుతున్నాం: ఫీజు కోసం గానీ, మార్కుల కోసం గానీ, స్కూల్ యాప్ అప్‌డేట్ కోసం గానీ మన స్కూల్ నుంచి ఎవరూ మీ ఫోన్‌లోకో కంప్యూటర్‌లోకో వస్తామని అడగరు. అడిగితే ఫోన్ పెట్టేసి, డైరీలో ఉన్న ఆఫీసు నంబరుకు మీరే ఫోన్ చేయండి. ఒకవేళ అప్పటికే కోడ్ చెప్పేసి ఉంటే మొదట ఇంటర్నెట్ ఆపండి. తర్వాత వేరే ఫోన్ నుంచి బ్యాంకుకూ, సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కీ చేయండి. డబ్బు ఇంకో ఖాతాలోకి మారకముందే ఆపించాలంటే నిమిషాలు కూడా లెక్కే. సిగ్గుపడి తెల్లారే దాకా ఆగకండి. ఇంట్లో కోడ్ చెప్పింది పిల్లలైతే, తిట్లు తర్వాత.

మన ఏర్పాటులో పిల్లలకు నేర్పాల్సింది కూడా ఇదే. కోడ్ అడిగే ఫోన్ నాన్న నంబరు నుంచో అమ్మ నంబరు నుంచో రావాలి, గొంతు గుర్తుపట్టాలి. మెసేజ్‌లో అడిగితే ఇవ్వకూడదు.

ఇంకొకటి, కాస్త మొహమాటంగానే రాస్తున్నాను. రెండో పద్ధతి పెట్టుకున్నాక, బిడ్డ చదువుతోందా, ఆటలాడుతోందా అని చెప్పకుండా తొంగిచూడాలని కొందరికి అనిపిస్తుంది. మీరు లోపల ఉన్నంతసేపూ కంప్యూటర్ షేర్ అవుతోందని ఇంటి తెర మీద కనిపిస్తుంది, ఆపే బటన్ కూడా ఉంటుంది. రెండు రోజుల్లో పిల్లలు కనిపెట్టేస్తారు. మూడో రోజు నుంచి ఆ కంప్యూటర్ ముట్టుకోరు, అమ్మ ఫోన్ తీసుకుంటారు. "నేను వస్తున్నా బేటా" అని ముందు ఫోన్‌లో చెప్పి లోపలికి వెళ్లండి. అలాగే మీరు అక్కడ చేసేదంతా ఇంటి తెర మీద కూడా కనిపిస్తుంది కనుక బ్యాంకు పనులు ఆ దారిలో చేయకండి.

వద్దనుకున్న రోజు అదే వెబ్‌సైట్‌లో కంప్యూటర్ పేరు పక్కనున్న డబ్బా గుర్తు నొక్కితే యాక్సెస్ తీసేసినట్టే. పాత కంప్యూటర్ అమ్మేముందు, రిపేరుకు ఇచ్చేముందు ఇది మరవకండి.

ఆ ఏడో తరగతి పాప వాళ్ల నాన్నగారికి మొదటి పద్ధతే పెట్టాం, పావుగంట పట్టింది. ఇంకెవరికైనా సాయం కావాలంటే బిడ్డ డైరీలో ఒక ముక్క రాసి పంపండి. వచ్చే పేరెంట్స్ మీటింగ్ రోజు కంప్యూటర్ ల్యాబ్‌లోనే ఉంటాను, ల్యాప్‌టాప్‌తో పాటు ఛార్జర్ కూడా తెచ్చుకోండి.