సరిహద్దు సీమలో తోలుపని: పనిముట్లు, రంగులు, సరకు పరీక్ష

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాలు 2007 వఱకు కోలారు జిల్లాలో నుండి, ఆ సంవత్సరమున ఏర్పడిన చిక్కబళ్ళాపురము జిల్లాలో చేరినవి. ఇచ్చట రాజ్యభాష కన్నడము. పెక్కు పల్లెలలో ఇంటిభాష తెలుగు. కైవారము తాతయ్య రెండు భాషలందును తత్త్వములు చెప్పిన సీమ ఇది. ఈ ప్రాంతపు తెలుగును గూర్చి వ్రాయువారు తఱచుగా ఆ తత్త్వములను, శాసనములను, పెండ్లిపాటలను చర్చింతురు. చేతిపనుల వారి మాటలను గూర్చి వ్రాయుట అరుదు. నేనును వానిని తలచినవాడను కాను. తలచునట్లు చేసినది నాలుగవ తరగతిలో నేను చేసిన ఒక తప్పు.

ఒకనాడు 'ఆ' అను అక్షరముతో మొదలగు వస్తువుల పేర్లు చెప్పుడని పిల్లల నడిగితిని. ఆకు, ఆవు, ఆట అయిన పిమ్మట వెనుక వరుసలోని బాలుడొకడు 'ఆరె' అనెను. తక్కినవారు నవ్విరి. నాకు ఆ మాట తెలియదు. కన్నడమో, మఱి యే భాషయో యని తలచి దానిని నల్లబల్లపై వ్రాయక విడిచితిని. ఆ బాలుడు మఱల నోరు విప్పలేదు. సాయంకాలము నిఘంటువు విప్పి చూచితిని. ఆరె యనగా తోళ్ళు కుట్టు సూజి. అమరకోశములో 'ఆరా' యని చెప్పబడిన పనిముట్టే ఇది. అనగా పిల్లవాడు పలికిన పదము వేయి సంవత్సరములకు పైబడినది. దానిని త్రోసివేసినవాడను తెలుగు పంతులను.

మఱునాడు ఆ మాటను బల్లపై వ్రాసి, ఆదివారము ఆ బాలుని తాతగారి యింటికి పోయితిని. ఈ వ్యాసములోని పనిముట్ల ముచ్చట చాలవఱకు ఆ యరుగుపై విన్నదియే. రంగుల రసాయనము, చరిత్ర నేను వేఱుగా చదివి తెలిసికొన్నవి.

తోలుపనికి కావలసిన పనిముట్లు తక్కువ. ఆయన సంచిలో నున్నవన్నియు ఒక చేటలో పట్టును. మొదటిది రంపె. ఇది వెడల్పైన అంచు గల కత్తి. కన్నడమున దీనిని రంపిగె యందురు. తోలును కోయుటకును, అంచులను చెక్కి పలుచన చేయుటకును ఇదియే. రెండవది ఆరె. ఆరెలలో రెండు విధములు కలవు. సూటిగా నున్నది కేవలము రంధ్రము చేయును. అప్పుడు దారమును సూదితో ఎక్కింపవలెను. కొనయందు చిన్న గండి గలది తోలును పొడిచి, అడుగున నున్న దారమును గండిలో తగిలించుకొని పైకి లాగును. బజారులో చెప్పులు కుట్టువారి చేతిలో మనము చూచునది ఈ రెండవది. గోనెలు కుట్టు దబ్బనమును ఆరె యనుకొనుట పొరపాటు. దబ్బనము నారపోగులను ప్రక్కకు త్రోసికొని పోవును; ఆరె తోలును చీల్చికొని పోవును. కావుననే ఆరె మొన మొద్దుబాఱిన కుట్టు వంకరయగును.

వీనికి తోడు ఉలులు, కొయ్య గూటము, కాలి యచ్చులు, ఇనుప మూడుకాళ్ళ దిమ్మ, సానరాయి, తేనెమైనపు ముద్ద. నూలుదారమును నాలుగైదు పేటలుగా పేని మైనము పట్టించినచో అది నీటికి చివుకదు. రంధ్రములో బిగిసి నిలుచును. ఇప్పుడు నైలాను దారము వచ్చినది. అది తెగదు గాని, మెత్తని తోలును అదియే కోసివేయు నని తాతగారి ఫిర్యాదు.

పనిముట్ల కంటె పనిచేయు పీటను గూర్చి ఆయన ఎక్కువసేపు చెప్పెను. కోతకు చింతమొద్దు. అదియు పలకగా కోసినది కాదు. మానును అడ్డముగా కోసిన దుంగ. అట్టి దుంగలో కొయ్యపోగులు నిలువుగా నుండుటచే కత్తి యంచు వాని నడుమ దిగి, తీయగానే పోగులు మఱల కూడుకొనును. అందుచే మొద్దుపై గాటు నిలువదు, కత్తియు త్వరగా మొద్దుబాఱదు. అంచులు చెక్కుటకు మాత్రము కొయ్య పనికిరాదు, అది లొంగును. దానికి నునుపైన రాతిపలక కావలెను. రంధ్రములు పొడుచుట రాతిపై చేసినచో ఉలి నోరు ఒక్క దెబ్బతో పోవును. పట్టణములలో నీ పనిని వేడుకకు నేర్చుకొనువారు చలువరాతిపై అన్ని పనులును చేసి పనిముట్లను పాడుచేసికొనుట నేను చూచితిని.

ఆయన ప్రక్కన తోలు నానవేయు నీళ్ళ తొట్టి యొకటి యుండెను. అది రాతిది. ఇనుప బక్కెట్టు ఏల కూడదని అడిగితిని. “నల్లగయితాది అయివారూ” అని నవ్వెను. రంగుల కథ యంతయు ఈ యొక్క మాటలో నున్నది.

అది తెలియుటకు ముందు తోలు ఊనుట యెట్టిదో తెలియవలెను. పచ్చి చర్మమును సున్నపు నీళ్ళలో వేసి వెండ్రుకలను వదలించి, కడిగి, చెట్టుపట్ట రసములో నానవేయుదురు. ఆ గుంటకు లంద యని పేరు. మన సీమలో ఆ పట్ట తంగేడుది. బీళ్ళలోను బాటల ప్రక్కలను పసుపుపచ్చగా పూయు ఈ మొక్క పట్టలో నూటికి సుమారు 18 పాళ్ళు వగరుసత్తు ఉన్నది. ఆ సత్తు చర్మములోని పోగులను పట్టుకొని కుళ్ళకుండ చేయును. అయితే వట్టి తంగేడుతో ఊనిన తోలు ఎండ తగిలిన ఎఱ్ఱబాఱును. అందుచే కడపట కరక్కాయ రసములో ముంచుదురు. కరక్కాయను కన్నడిగులు అళలెకాయి యందురు. ఈ విధముగా తంగేడుతో ఊనిన దక్షిణదేశపు తోళ్ళు మద్రాసు రేవు నుండి సీమకు ఎగుమతి యయ్యెను. తరువాత దక్షిణాఫ్రికా నుండి వచ్చిన వాటిలు పట్ట తంగేటి చోటు చాలవఱకు ఆక్రమించినది.

వగరుసత్తునకు ఇనుము తగిలిన నల్లనగును. పూర్వము కరక్కాయ కషాయములో అన్నభేది కలిపి వ్రాతసిరా చేసికొనెడివారు. తోలునకు నలుపు వేయుటయు అదియే క్రియ. తోలులో వగరుసత్తు ముందే యున్నది, కావున అన్నభేది నీళ్ళు పూసిన చాలును. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు తుప్పు పట్టిన ఇనుమును బెల్లపు నీళ్ళలో పులియబెట్టి నలుపు చేయుటయు ఇట్టిదే. మోతాదు మీఱినచో పాత కాగితములను సిరా తినివేసినట్లే తోలు పెళుసై పగులును. తడితోలుపై ఇనుప పనిముట్టు నుంచినను ఇట్టి నల్లమచ్చయే పడును, రాతితొట్టి అందులకే. పడిన మచ్చను నిమ్మరసముతో రుద్దిన చాలవఱకు పోవును. ఈ చిట్కా నేనే పరీక్షించి చూచితిని.

ఎఱుపునకు లక్క, పసుపునకు పసుపు వాడుక యుండెడిది. పసుపు వెలుగునకు వెలిసిపోవును. ఇప్పుడు అంగడి రంగులే. వానిలో కొన్ని ఆజో రంగులు విషపదార్థములుగా విడిపోవుటచే కేంద్ర ప్రభుత్వము 1997లో నిషేధించినది. కావున పేరులేని పొట్లములలో అమ్ము పొడిని కొనరాదు. చెప్పు కాలికి చెమటతో నంటియుండు వస్తువు గదా. రంగు నిలుచునో లేదో చూచుటకు తుండుముక్కపై వేసి, ఆఱిన పిమ్మట తడిపిన తెల్లగుడ్డతో పదిమాఱులు రుద్దవలెను. తోలును ముందుగా సమముగా తడిపి పిదప రంగు వేసినచో చాఱలు పడవు.

తోలుబొమ్మల తోలు దీనికి భిన్నము. బాగేపల్లికి ఉత్తరముగా, ధర్మవరము చెంతనున్న నిమ్మలకుంట గ్రామమున ఈ పని నేటికిని జరుగుచున్నది. ఆ యూరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ లభించినది. వారు మేకతోలును ఊనరు. నానవేసి, గీకి, బిగించి ఆఱబెట్టుదురు. ఊనిన తోలులో వెలుగు దూఱదు. పచ్చితోలు ఆఱిన పిమ్మట వెలుగును వడియగట్టును. పూర్వము దేవతల బొమ్మలకు జింకతోలు వాడెడివారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము తరువాత అది తగదు. ఉలితో పొడిచిన రంధ్రములే తెరపై నగలగును. ఆ బొమ్మలాటవారి యింటిభాష ఒక విధమైన మరాఠీ, ఆటభాష తెలుగు. ఇంట నొక భాష, బయట నొక భాష గల మనకు వారి స్థితి వింత కాదు.

మన తాలూకాలలో తోలుపని తగ్గుటకు చెప్పులు కారణము కావు. అసలు కారణము కపిల. బావి నుండి ఎడ్లతో నీరు తోడు కపిలకు తోలు తొండము కావలెను. అది చివుకును, చినుగును. ఏటేట క్రొత్తది కుట్టవలెను, పాతది బాగుచేయవలెను. కుట్టినవానికి కళ్ళములో ధాన్యపు మేర లభించెడిది. విద్యుత్తు పంపులు రాగా కపిల పోయెను. బావులు ఎండగా పంపులును పోయి, వేయి అడుగులు దాటిన గొట్టపుబావులు వచ్చెను. తొండము కుట్టువానిని పిలుచువారు లేకపోయిరి. ఆల్‌ఫ్రెడ్ ఛాటర్టన్ అను నింజనీరు 1903 ప్రాంతమున మద్రాసులో క్రోము తోలు ప్రయోగములు ఆరంభించి, ఆ తోలును బావి తొండములకు వాడించెను. అతడే పిదప మైసూరు సంస్థానమున పరిశ్రమల శాఖకు అధిపతి యయ్యెను. క్రోము లవణములతో ఊనుట అమెరికాలో 1884లో షుల్ట్జ్ కనుగొన్న పద్ధతి. లందలో వారముల తరబడి పట్టు పని దానిచే కొలది దినములలో ముగియును.

ఈ క్రోము తోలే నన్ను మోసగించినది. ఆ తాతగారు కిఱ్ఱుచెప్పులు కుట్టుటకు పట్టతోలు పది చదరపు అడుగులు కావలెననగా, నేను నగరమునకు పోవుచుండుటచే తెచ్చెదనని పూనుకొంటిని. అంగడివాడు, అతని పేరు అనవసరము, ఇది తంగేటి తోలేయని ప్రమాణము చేసి రసీదు లేకుండ అమ్మెను. రంగు గోధుమరంగే. పెద్దాయన దానిని తొట్టిలో ముంచి తీసి, నీటిబొట్లు జాఱిపోవుట చూచి, “ఇది నీళ్ళు తాగదు అయివారూ. తాగని తోలును నేనేం చేసేది?” అనెను. చెప్పుల తోలు తడిసి మెత్తనై, అచ్చుపై ఆకారము పట్టి, ఆఱి గట్టిపడవలెను. క్రోము తోలు సంచులకు, బూట్ల పైభాగమునకు మంచిదే. ఈ పనికి కాదు. ఆయనకు వచ్చిన చెప్పుల బేరము ఆ వారమున తప్పిపోయెను. సొమ్ము నాది, నష్టము ఆయనది.

ఆ పిమ్మట నేను తెలిసికొన్న పరీక్షలు చెప్పెదను. తోలు అంచును క్రొత్తగా కోసి చూడవలెను: పట్టతోలు లోపల సైతము గోధుమరంగే, క్రోము తోలు పైపూత యేదైనను నడుమ నీలి బూడిదవన్నె గీత కనబడును. నీటిబొట్టు వేసిన పట్టతోలు పీల్చుకొని నల్లబడును. చిన్న తునకను మరుగునీటిలో వేసినచో పట్టతోలు ముడుచుకొని కట్టెవలె నగును. క్రోము తోలు ఓర్చుకొనును. కాల్చి చూచిన క్రోము బూడిదలో పచ్చఛాయ యుండును. ఈ నాల్గింటిలో మొదటి రెండు అంగడిలోనే చేయవచ్చును. చేయనీయని అంగడిని విడిచి రావలెను.

అడుగుతోలును తూకమునకు అమ్ముచోట ఇంకొక మోసము కలదు. బరువు పెరుగుటకు తోలులో భేది ఉప్పును, చక్కెరపాకమును పట్టింతురు. తడిపి ఆఱబెట్టినపుడు పైన తెల్లని పొడి తేలినచో ఉప్పని యనుమానింపవలెను. చదరపు అడుగుల లెక్కన అమ్ముచోట డొక్కభాగమును కలిపి కొలుతురు. డొక్క సాగును, వెన్ను సాగదు. పట్టీలకు వెన్నుభాగమే అడిగి కొనవలెను. మందమును మిల్లీమీటర్లలో చెప్పించుకొనవలెను. ఏ పశువు చర్మమో రసీదులో వ్రాయించుట నేడు మఱింత యవసరము. కర్ణాటకమున పశువధ నిషేధ చట్టము 2021 నుండి అమలైనది, రసీదు లేని సరకు దారిలో చిక్కులు తెచ్చును.

పట్టతోలునకు ఈరోడు, దిండుగల్లు. క్రోము తోలునకు ఆంబూరు, వాణియంబాడి, రాణిపేట పేరు పొందినవి. చెన్నైలోని పెరియమెట్టు తోలు బజారు. కర్ణాటక ప్రభుత్వము 1976లో నెలకొల్పిన తోలు పరిశ్రమల సంస్థను జనులు లిడ్కర్ యందురు. చెన్నైలో 1948లో వెలసిన కేంద్ర చర్మ పరిశోధనాలయము కలదు. సందేహము కలిగిన తునకను పరీక్షకు పంపదలచినవారు ఇట్టి సంస్థల నడుగవచ్చును. ఒక్కమాఱే పెద్ద మొత్తము కొనక, మొదట అరతోలు తెప్పించి, తడిపి, కుట్టి, ఒక వర్షకాలము చూచి, పిదప అదే వ్యాపారితో వాడుక పెట్టుకొనుట మేలు. తాతగారి తండ్రి ఒకే లందవాని వద్ద నలువది యేండ్లు కొనెనట.

రెండవమాఱు నేను తుండుముక్క తెప్పించి ముందుగా ఆయనకు చూపితిని. ఆయన గోటితో నొక్కి, నాలుకకు తాకించి వగరు చూచి, రంపె తీసికొనెను. మనుమడు ప్రక్కన కూర్చుండి నా నోటుపుస్తకములో పనిముట్ల పేర్లు వ్రాయుచుండెను. 'లంద' కు నేను పొరపాటున దీర్ఘము పెట్టియుండగా వాడే దిద్దెను.