డాబా మీద చదువు

మా డాబా మీద సోలార్ ప్యానెళ్లు బిగించడానికి ఇద్దరొచ్చారు. ఒకాయన ఇళ్ల వైరింగులో చేయి తిరిగిన మనిషి, నలభై దాటి ఉంటాయి. రెండోవాడు ఐటీఐ పూర్తిచేసి ఏడాదైనా కాని కుర్రాడు. ఆరు ప్యానెళ్లూ వరసగా కలిపాక, చివరి కనెక్టరు వదులుగా ఉందని కుర్రాడు కటింగ్ ప్లేయరు తీసి వైరు కత్తిరించబోయాడు. పెద్దాయన అరిచిన అరుపుకి పక్కింటివాళ్లు కూడా తలెత్తి చూశారు.

"మెయిన్ ఆపేశాను కదన్నా" అన్నాడు కుర్రాడు.

"మెయిన్ ఆపితే ఎండ ఆగుద్దా? ముందు ప్యానెళ్ల మధ్య జాయింటు విప్పు."

మామూలు వైరింగుకీ సోలారుకీ తేడా అక్కడే ఉంది. ఇంట్లో ఫ్యూజు పీకితే తీగ చచ్చినట్టే. ప్యానెల్ అలా కాదు, వెలుతురు పడినంతసేపూ దానిలో కరెంటు ఉంటుంది. ఇప్పుడొచ్చే పెద్ద ప్యానెల్ ఒక్కొక్కటీ దాదాపు 50 వోల్టులిస్తుంది. ఆరింటిని వరసగా కలిపితే 300 వోల్టుల దరిదాపుకొస్తుంది, అదీ డీసీ. ఇంటి ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు దిగుతుంది కాబట్టి, ప్లగ్గు లాగినప్పుడు లేచిన నిప్పురవ్వ వెంటనే ఆరిపోతుంది. డీసీకి ఆ సున్నా లేదు. ఇన్వర్టరు నడుస్తుండగా కనెక్టరు లాగితే లేచిన మంట అలా నిలబడి ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. సరిగ్గా నొక్కని జాయింటు ఇంకా పాడుది. బిగించిన రోజు బాగానే పనిచేస్తుంది, లోలోపల వేడెక్కుతూ ఎప్పుడో ఒక మధ్యాహ్నం కాలుతుంది. అప్పటికి బిగించినవాడు ఏ ఊళ్లో ఉంటాడో!

పర్యావరణానికి మేలుచేసే కొలువులనగానే ఏదో కొత్త శాస్త్రం నేర్చుకోవాలేమో అనుకుంటాం. ఈ పనిలో ముప్పాతిక వంతు పాత ఎలక్ట్రీషియన్ విద్యే: ఎర్తింగు, కేబుల్ లావు లెక్క, లోడు అంచనా. మిగతాది కొంత కమ్మరి పని, కొంత తాపీ పని. స్లాబుకు కన్నాలు పెట్టి స్ట్రక్చరు బిగిస్తే రెండు వానాకాలాల్లో గదిలో నీళ్లు కారతాయి. అందుకే తెలిసినవాళ్లు కాంక్రీటు దిమ్మెలు పోసి వాటి మీద నిలబెడతారు. వాలు కూడా ఊరి అక్షాంశాన్ని బట్టే ఉంటుంది. హైదరాబాదుకు దక్షిణం వైపు 17 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా పెడతారు.

గిరాకీకైతే కొదవలేదు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం లక్ష్యం కోటి ఇళ్లు, 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ. మన వైపు ఉమ్మడి కర్నూలు జిల్లా గని, శకునాల దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కే ఉంది. మరి ఇన్ని చేతులు ఎక్కణ్ణుంచి రావాలి? 2015లో కేంద్రం సూర్యమిత్ర శిక్షణ పెట్టింది, మూడు నెలల్లో 600 గంటలు. ఐటీఐలో సోలార్ టెక్నీషియన్ అనే ఏడాది ట్రేడు కూడా ఉంది. నన్నడిగితే రెండేళ్ల ఎలక్ట్రీషియన్ ట్రేడే ముందు చేసి, సోలారు దాని మీద నేర్చుకోమంటాను. సబ్సిడీ తగ్గి గిరాకీ పడిపోయిన నాడు కూడా ఆ చేతికి పని దొరుకుతుంది.

చిక్కల్లా ఆ తర్వాతి మెట్టు దగ్గరే. అప్రెంటిస్ చట్టం 1961 నాటిది. 2019లో సవరించిన నిబంధనల ప్రకారం 30 మందీ అంతకు మించీ పనిచేసే సంస్థ తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తప్పనిసరిగా పెట్టుకోవాలి. ఐటీఐ సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు నెలకు కనీసం 7,000 స్టైపెండ్ అని అప్పుడే నిర్ణయించారు. నాలుగు నుంచి 29 మంది ఉన్నచోట మాత్రం అప్రెంటిస్‌లను పెట్టుకోవడం యజమాని ఇష్టం. డాబాల మీద ప్యానెళ్లు బిగించేవి ఎక్కువగా ఐదారుగురితో నడిచే చిన్న సంస్థలే. అంటే చట్టం ఒత్తిడి పెద్ద కంపెనీల గేటు దగ్గరే ఆగిపోతే, అసలు చదువు మా డాబాలాంటి చోట్ల జరుగుతోంది.

మా కుర్రాణ్ణి అప్రెంటిస్ ఒప్పందం ఉందా అని అడిగితే నవ్వాడు. రోజు కూలి. రెండేళ్లు గడిస్తే పని వస్తుంది, చేతిలో కాగితం మాత్రం ఉండదు. నిజానికి చిన్న సంస్థ అయినా నమోదు చేసుకుంటే స్టైపెండ్‌లో పావు వంతు, నెలకు 1,500 మించకుండా, ప్రభుత్వమే భరించే పథకం 2016 నుంచీ ఉంది. కానీ పొద్దుట నిచ్చెన, సాయంత్రం బిల్లులు మోసుకునే యజమానికి పోర్టల్ దగ్గర కూర్చునే ఓపిక ఎక్కడిది? ఊళ్లో ఉన్న ఐటీఐ వాళ్లే పదిమంది యజమానుల తరఫున ఆ రాతకోతలు చూస్తే సగం బరువు దిగుతుందని నాకనిపిస్తుంది. పనిలో చేరే పిల్లలు కూడా జీతంతో పాటు ఒప్పందం సంగతి, ఎత్తు మీద బెల్టు ఇస్తారా లేదా అన్న సంగతి ముందే అడగాలి. ఈ వృత్తిలో కరెంటు షాకుకు ఎంత భయపడాలో డాబా అంచుకూ అంతే భయపడాలి.

బిగింపు ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. ప్యానెళ్లకు మాత్రం సాధారణంగా పాతికేళ్ల హామీ ఉంటుంది. ఆ పాతికేళ్లూ దుమ్ము కడగాలి, జాయింట్లు చూడాలి, మధ్యలో ఇన్వర్టరు మార్చాలి. ఇంటివాళ్ల సందేహాలు తీర్చడమూ ఈ ఉద్యోగంలో భాగమే. మే నెలలో ఎండ మాడుతుంటే ఉత్పత్తి తగ్గిందేమిటి అని అడుగుతారు. 25 డిగ్రీలు దాటాక వేడి ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ ప్యానెల్ శక్తిలో శాతంలో మూడో వంతుకు పైగా పోతుంది. 65 డిగ్రీలకు కాగిన ప్యానెల్ ఏడో వంతు దాకా పోగొట్టుకుంటుంది. కరెంటు పోయినప్పుడు సోలారూ ఆగిపోతే మోసపోయామంటారు. బ్యాటరీ లేకుండా లైనుకు కలిపిన ఇన్వర్టరు అలా ఆగకపోతే, లైను చచ్చిందనుకుని స్తంభమెక్కిన లైన్‌మన్‌కు మన డాబా మీది కరెంటు తగులుతుంది. ఈ రెండు జవాబులూ నాకు చెప్పింది ఆ పెద్దాయనే, ఇన్వర్టరు గోడకు బిగిస్తూ.

కుర్రాడు జాయింటు విప్పి వచ్చి వైరు కత్తిరించి కొత్త కనెక్టరు నొక్కాడు. పెద్దాయన గట్టిగా లాగి చూశాడు, ఊడొచ్చింది. మాట్లాడకుండా వైరు మళ్లీ చేతికిచ్చాడు. రెండోసారి ఊడలేదు. ఇంకోసారి లాగి చూశాక గానీ ఆయన సంచిలోంచి టిఫిన్ డబ్బా తీయలేదు.