వార్తల్లో పదం: అచ్చుదిద్దుట

నిజాము పాలనాకాలమున కవి దాశరథి, రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి బందీలై యుండిన నిజామాబాదు కారాగారము గల జిల్లాయందే, బాల్కొండలో నేడొక అంధవిద్యార్థి ఆ కాలపు గ్రంథమొకటి చదువగోరెనేని, దాని స్కాన్ ప్రతి యతనికి నిరుపయోగము. ఏలయన, అది వట్టి బొమ్మ, పాఠమును బిగ్గరగా చదివెడి సాఫ్ట్‌వేరునకు అందు అక్షరమే కానరాదు. ఆ బొమ్మనుండి ఓసీఆర్ (అక్షరములను గుర్తించెడి యంత్రవిధానము) రాబట్టిన పాఠమును మూలముతో పోల్చి సవరించుటయే అచ్చుదిద్దుట; స్వేచ్ఛా అంతర్జాల గ్రంథాలయమగు తెలుగు వికీసోర్సునందు స్వచ్ఛందసేవకులు చేయుచున్న పని యిదియే.

మ, య వంటి పోలికగల అక్షరములను, ఒత్తులను యంత్రము తారుమారు చేయుట యెల్లరెఱిగినదే. నా దృష్టిలో అంతకంటె దుస్సహమైనది విన్యాసదోషము: పుటసంఖ్యయు, పుటశీర్షికయు వాక్యమధ్యమున చొరబడును, పంక్తి చివర విఱిగిన పదము రెండు ముక్కలుగానే పలుకబడును, అధోజ్ఞాపిక కథలో కలిసిపోవును, అధ్యాయశీర్షికకు తగిన గుర్తు పెట్టకున్న, కోరిన ప్రకరణమునకు నేరుగా పోవుట దుష్కరమై, పాపము, శ్రోత వెదకులాడవలసినదే.

చట్టము అనుకూలమే: 2012 నాటి కాపీరైటు సవరణ వికలాంగులకై చదువ వీలైన ప్రతులు సిద్ధపఱచుట ననుమతించినది, అంధులకు గ్రంథములను అందుబాటు చేయుటకై కుదిరిన 2013 నాటి మర్రకేష్ ఒడంబడికను 2014లో మొట్టమొదట ధ్రువీకరించిన దేశము మనదే. కొఱవడినవి దిద్దెడి చేతులే. ఏలయన, వికీసోర్సులో ఒకరు దిద్దిన పుటను వేఱొకరు సరిచూచినగాని అది ఆమోదిత దశకు చేరదు.