చిన్నారి చేతులకు శరత్కాలపు రంగులు

శరత్కాలం అనగానే ప్లే స్కూళ్ల గోడల మీద ఎర్రటి మేపుల్ ఆకులు వెలుస్తాయి. ఇంటర్నెట్ నుంచి ప్రింటు తీసిన ఆ ఆకుకు మూడేళ్ల పాప శ్రద్ధగా రంగు వేస్తుంది. ఆ చెట్టును ఆమె చూడలేదు, చాలాసార్లు టీచరూ చూసి ఉండదు. మన దగ్గర ఆకులు ఎక్కువగా రాలేది శిశిరంలో. ఆశ్వయుజ, కార్తీకాలు మనకు పూల మాసాలు. కిష్టారెడ్డిపేట చుట్టుపక్కల ఇంకా ప్లాట్లు కాని జాగాల్లో వెతికితే తంగేడు, గునుగు దొరుకుతాయి. బజారులో బంతి, చామంతి ఎలాగూ ఉంటాయి.

కొందరు విశ్వాసుల ఇళ్లలో ఒక సంకోచం ఉంది. ఇవి బతుకమ్మ పూలు కదా, సండే స్కూలు పిల్లల చేతికి ఇవ్వవచ్చా అని. తంగేడును చేసినవాడు దాన్ని ఎవరి పేరిటా రాసివ్వలేదు. పొరుగింటి పాప, మన పాప ఒకే బుట్టలోంచి రేకులు ఏరుకుంటే కాదనడానికి ఏముందో మాకు తోచడం లేదు.

ఖర్చు లేని బొమ్మ ఒకటి చెబుతాం. అరగ్లాసు నీళ్లలో చెంచాడు పసుపు కలిపి, దూదితో తెల్లకాగితానికి పూసి ఆరనివ్వండి. వేరే గిన్నెలో తినే సోడా కలిపిన నీళ్లు పెట్టండి. బిడ్డ అందులో వేలు ముంచి పసుపు కాగితం మీద గీస్తే గీత ఎర్రగా తేలుతుంది! దాని మీద నిమ్మరసం చుక్క వేస్తే మళ్లీ పసుపే. పసుపులో సున్నం కలిస్తే ఎరుపని మన అమ్మమ్మలకు తెలిసిందే. అయితే సున్నం లేత చర్మాన్ని కాలుస్తుంది, పిల్లలకు సోడాయే మేలు. పసుపు ఇంట్లో కొట్టించినదైతే నిశ్చింత. కల్తీ పసుపులో సీసం ఉన్న రంగులు కలిపే మోసం ఉంది.

మెదక్ చర్చి రంగుటద్దాల కిటికీలు చూసిన పిల్లలకు ఇంకొకటి నచ్చుతుంది. 1914లో పని మొదలై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన ఆ మందిరంలో పగటి వెలుతురే బొమ్మలను వెలిగిస్తుంది. మన కిటికీకి పలుచని కాగితం చాలు. దానిమీద బంతి రేకులు మైదా జిగురుతో అంటించి, వెనక కొబ్బరినూనె పూస్తే కాగితం వెలుతురును లోపలికి రానిస్తుంది. బెండకాయ అడ్డంగా కోసి రంగులో అద్దితే పువ్వు ముద్ర పడుతుంది. రావి ఆకును కాగితం కింద పెట్టి మైనపు క్రేయాన్‌తో రుద్దితే ఈనెలన్నీ పైకి వస్తాయి.

జాగ్రత్తలూ ఉన్నాయి. ఎరుపు నలుపుల గురివింద గింజ ఎంత ముద్దుగా ఉన్నా విషమే, ఇంట్లోకే తేవద్దు. గన్నేరు, ఉమ్మెత్త కూడా అంతే. సీతాఫలం గింజలు గొంతులో అడ్డుపడతాయి, వాటి పొడి కంటికి హాని. పటాన్‌చెరు, బొల్లారం కాలుష్యం 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన సంగతి పెద్దలకు గుర్తుండే ఉంటుంది. మురుగు కాలువల పక్కన, ఫ్యాక్టరీ గోడల వెంబడి పూలు కోయకండి. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించిన అమీన్‌పూర్ చెరువు దగ్గర అసలే కోయకూడదు. అక్కడ పక్షులను చూసి వచ్చి ఇంట్లో గీయాలి.

అన్నిటికంటే పెద్ద ఆటంకం మన చెయ్యే. షిఫ్టు దిగి అలసి వచ్చిన తండ్రికి, రేపు బడిలో చూపించాలనే తొందరలో ఉన్న తల్లికి, వంకరగా అంటిన రేకును సరిచేయకుండా ఉండటం కష్టం. కొన్ని బడుల్లో గోడకెక్కే బొమ్మలు అమ్మలు వేసినవే! తన గీతను పెద్దవాళ్లు తుడిచి దిద్దడం నాలుగైదుసార్లు చూసిన బిడ్డ ఆరోసారి క్రేయాన్ మన చేతికే ఇచ్చి ‘నువ్వే వెయ్యి’ అంటుంది. అది బద్ధకం కాదు, తనకు రాదని నేర్చుకోవడం. చెట్టు నీలంగా ఉంటే ఉండనివ్వండి. ‘ఇదేంటి?’ అని కాక ‘దీని గురించి చెప్పమ్మా’ అని అడిగి చూడండి.

పేరు, తేదీ కాగితం వెనక రాయండి. పసుపు బొమ్మ ఎండ తగిలితే కొన్నాళ్లకే వెలిసిపోతుంది, కాబట్టి తలుపు వెనక, బిడ్డ కంటికి అందేంత ఎత్తులో అంటించండి.