ఇల్లంతా కలిసి నింపాల్సిన దరఖాస్తు

మహారాష్ట్రలోని షోలాపూర్ నేతపేటల్లో పదో తరగతి తర్వాత ఏం చదవాలో పిల్లలొక్కరే తేల్చుకోరు, ఇల్లంతా కూర్చుని తేలుస్తుంది. బడి ఆ ఇంటిని పిలిచి, దాని భాషలో మాట్లాడి, పక్కన కూర్చుని కాగితాలు నింపించిన నాడే ఆ నిర్ణయం మారుతుంది.

పదో తరగతి ఫలితాల రోజుల్లో భవానీ పేట, దాజీ పేట, సాఖర్ పేట, అశోక్ చౌక్ ఇళ్లలో మాటలన్నీ పిల్లల చదువు మీదే. అబ్బాయిని పాలిటెక్నిక్‌లో వేద్దామా, కార్ఖానాలో పనికి పెడదామా? అమ్మాయి జూనియర్ కాలేజీకి పోవాలా, తల్లి పక్కన బీడీల చేట ముందు కూర్చోవాలా? ఆ మాటల్లో అమ్మ, నాన్న, తాత, మేనమామ అందరూ ఉంటారు. అప్పు లెక్క, అక్క పెళ్లి, మగ్గం మీద వచ్చే కూలీ అన్నీ అక్కడికొస్తాయి. పదేళ్లు చదువు చెప్పిన బడి మాత్రం అక్కడ ఉండదు. బడి తన మాట పిల్లలకు చెప్పి ఊరుకుంటుంది. నిర్ణయించేవాళ్ల దాకా ఆ మాట చేరదు.

మిల్లు గడప నుంచి కాలేజీ గడప దాకా

కరీంనగర్, వరంగల్, నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు నుంచి నేత వృత్తి చేసే పద్మశాలీలు బతుకుతెరువు కోసం షోలాపూర్ చేరారు. 1870ల్లో ఇక్కడ మొదటి నూలు మిల్లు వెలిసింది. తర్వాత మరికొన్ని వచ్చాయి. మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాక ఇళ్ల మధ్యే పవర్‌లూమ్ కార్ఖానాలు నిలిచాయి. షోలాపురీ చాదర్‌కూ, టెర్రీ టవల్‌కూ భౌగోళిక గుర్తింపు దక్కింది. మగవాళ్లు మగ్గాల మీద, ఆడవాళ్లు బీడీల దగ్గర, ఇద్దరిదీ చేసిన పనికే కూలీ. కుంభారి దగ్గర బీడీ కార్మిక మహిళల కోసం 10,000 ఇళ్లతో కట్టిన గోదూతాయి పరుళేకర్ వసాహత్ (కాలనీ) 2006లో వాళ్ల చేతికి వచ్చింది. అదే వైపు రాయ్‌నగర్‌లో తలపెట్టిన 30,000 ఇళ్లలో 15,000 ఇళ్లను 2024 జనవరి 19న లబ్ధిదారులకు అప్పగించారు. సొంత గూడు కోసం ఏళ్ల తరబడి పోరాడి గెలిచిన కుటుంబాలివి.

చదువు విషయంలోనూ ఈ సమాజం చేతులు ముడుచుకు కూర్చోలేదు. పద్మశాలీ శిక్షణ సంస్థ నడిపే కుచన్ ప్రశాల, ఏ.ఆర్. బుర్లా మహిళా కళాశాల ఇందుకు సాక్ష్యం. బడి ఉంది, కాలేజీ ఉంది. ఆ రెంటి నడుమ ఇంటిని చేయిపట్టి నడిపించే ఏర్పాటు ఇంకా బలపడాలి.

అర్థమయ్యే భాషలో పిలుపు

ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, ఇంజినీరింగులో ఇంగ్లిష్. ఈ పేటల పిల్లలు ఆ మూడింటినీ దాటుకుంటూ పైకి పోతారు. తల్లిదండ్రులు వాళ్లతో అంత దూరం రాలేరు. బజారు మరాఠీ ధారాళంగా మాట్లాడే తల్లి కూడా పాలక్ సభలో, అంటే తల్లిదండ్రుల సమావేశంలో, పర్సెంటైల్, క్యాప్ రౌండ్, నాన్-క్రీమీ లేయర్ అనే మాటలు వినగానే మౌనంగా ఉండిపోతుంది. అర్థం కాలేదని అడిగితే బిడ్డకు చిన్నతనమని ఆమె భయం. ఆ మౌనాన్ని శ్రద్ధ లేకపోవడంగా లెక్కగట్టడం అన్యాయం.

ఇంటి భాషను బడిలోకి తెస్తే ఏమవుతుందో చూడాలంటే షోలాపూర్ జిల్లా దాటి పోనక్కర్లేదు. పరితేవాడి జిల్లా పరిషత్ బడిలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ రంజిత్‌సింహ్ డిసలే తన పిల్లల ఇళ్లలో కన్నడం మాట్లాడతారని గమనించి, తానే ఆ భాష నేర్చుకున్నారు. పాఠాలను కన్నడంలోకి మార్చి, పుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు పెట్టారు. 2020లో ఆయనకు గ్లోబల్ టీచర్ ప్రైజ్ దక్కింది. కన్నడ ఇళ్ల కోసం జిల్లాలో ఒక మూల జరిగిన పని తెలుగు ఇళ్ల కోసం నగరం నడిబొడ్డున జరగడానికి అడ్డేమిటి? కాలేజీ చదువుల సభను తెలుగులో నడపడానికి ప్రభుత్వ ఉత్తర్వు అక్కర్లేదు. తెలుగు వచ్చిన ఒక ఉపాధ్యాయుడు, ఆ బడిలోనే చదివి ఇంజినీరో నర్సో అయిన ఒక పూర్వ విద్యార్థిని ఉంటే చాలు.

తాతగారి ట్రంకు పెట్టె

తెలుగులో నడిపే ఈ సభల్లో తొలిరోజే చెప్పాల్సిన సంగతి ఒకటుంది. మహారాష్ట్రలో పద్మశాలీలు ప్రత్యేక వెనకబడిన వర్గం, అంటే ఎస్‌బీసీ జాబితాలో ఉన్నారు. ఆ కోటాలో వృత్తి విద్య సీటు కావాలంటే కుల ధ్రువపత్రం ఒక్కటే సరిపోదు. దాన్ని పరిశీలన కమిటీ ఖరారు చేయాలి. ‘వ్యాలిడిటీ’ అని అందరూ అనేది దీన్నే. 1967 అక్టోబరు 13కు ముందే కుటుంబం ఈ రాష్ట్రంలో స్థిరపడిందని చూపే ఆధారాలు అందుకు కావాలి. తాత బడి దాఖలా, పెద్దనాన్న జనన నమోదు, పాత ఇంటి పత్రం లాంటివి. ఇవేవీ పిల్లవాడి బడి సంచిలో దొరకవు. తాత ట్రంకు పెట్టెలో ఉంటాయి, లేదా తెలంగాణ నుంచి ఎవరు ఎప్పుడు వచ్చారో గుర్తున్న నాయనమ్మ మాటల్లో ఉంటాయి.

ఫలితాలు వచ్చాక వెతకడం మొదలుపెడితే సీటు చేజారుతుంది. ఎనిమిదో తరగతిలోనే తాతలనూ నాయనమ్మలనూ బడికి పిలిచి ఒక రోజంతా కాగితాల మేళా పెడితే కొన్నేళ్ల గడువు దొరుకుతుంది.

డబ్బు మాటా అంతే. బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ ఇచ్చే స్కాలర్‌షిప్ వృత్తి విద్యా కోర్సుల్లో ఏడాదికి 25,000 రూపాయల దాకా ఉంటుంది. దానికి తల్లి బీడీ కార్మిక గుర్తింపు కార్డు, బ్యాంకు ఖాతా, ఆదాయ పత్రం సరిగ్గా ఉండాలి. 2024-25 నుంచి ఏటా 8 లక్షల రూపాయల లోపు ఆదాయమున్న కుటుంబాల్లో అర్హత గల వర్గాల అమ్మాయిలకు వృత్తి విద్యలో ఫీజులు మాఫీ చేస్తూ రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయం తీసుకుంది. ఏ పథకం ఏ ఇంటికి వర్తిస్తుందో పేరుపేరునా చెప్పగలిగేది బడే. “ఫీజు కట్టలేం” అని మొదలై అక్కడే ముగిసే మాటకు ఈ లెక్కలే జవాబు.

చెప్పి వదిలేస్తే చాలదు

అమెరికాలో 2008లో ఎరిక్ బెటింగర్, బ్రిడ్జెట్ లాంగ్ తదితర ఆర్థికవేత్తలు ఒక ప్రయోగం చేశారు. పన్ను లెక్కలు రాయించుకోవడానికి వచ్చిన తక్కువ ఆదాయపు కుటుంబాల్లో కొందరికి కాలేజీ ఆర్థిక సాయం వివరాలు మాత్రం చెప్పారు. మరికొందరికి పక్కన కూర్చుని దరఖాస్తే నింపి పెట్టారు. దరఖాస్తు నింపిన ఇళ్లలో హైస్కూలు చివరి ఏడాది పిల్లలు రెండేళ్ల కాలేజీ చదువు పూర్తిచేయడం 28 శాతం నుంచి 36 శాతానికి పెరిగింది. వివరాలు మాత్రమే విన్న ఇళ్లలో మార్పు రాలేదు.

షోలాపూర్‌కు ఇంతకన్నా పనికొచ్చే పాఠం లేదు. వేదిక, ముఖ్య అతిథి, గంటన్నర ఉపన్యాసం, పంచిపెట్టిన కరపత్రం వల్ల ఇంటి నిర్ణయం మారదు. 2025 నుంచి మహారాష్ట్ర అంతటా పదకొండో తరగతి ప్రవేశాలు ఆన్‌లైన్‌లోనే. పది కాలేజీల దాకా వరుస క్రమం ఇవ్వొచ్చు. బడిలోని కంప్యూటర్ గదిని రెండు సాయంత్రాలు తెరిచి, తల్లిని తండ్రిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ వరుసను నింపిస్తే ఇంటివాళ్లు ప్రతి కాలేజీ దూరం, బస్సు, ఫీజు అప్పటికప్పుడే అడిగి తెలుసుకుంటారు. కుంభారి నుంచి రోజూ వచ్చిపోవాల్సిన అమ్మాయికి బస్సు వేళే అసలు ప్రశ్న కావచ్చు.

తెలుగు నేల మీదా కదలిక ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న ప్రభుత్వ బడులన్నిటా ఒకేరోజు తల్లిదండ్రుల సమావేశాలు జరిగాయి. అంత పెద్ద పిలుపుకు తల్లిదండ్రులు వస్తారని తేలింది. వచ్చినవాళ్లతో మార్కుల దగ్గరే ఆగక, ‘తర్వాత ఏం చదవాలి’ అన్న ప్రశ్న దాకా వెళ్లడం అంతటా మిగిలిన పని.

ఎప్పుడు, ఎలా పిలవాలి?

• పనిరోజు మధ్యాహ్నం వద్దు. ఒక పూట మానితే ఒక పూట కూలీ పోతుంది. కార్ఖానా సెలవు రోజు చూసి పిలవాలి.

• సంక్రాంతి తర్వాత బడుల్లో జరిగే హళదీ-కుంకూ (పసుపు-కుంకుమ) పేరంటానికి తల్లులు పిలవకుండానే వస్తారు. ఆ రోజే బీడీ కార్డుల బల్ల, స్కాలర్‌షిప్ బల్ల వేయాలి.

• శ్రావణ పౌర్ణమి మార్కండేయ రథోత్సవానికి పేటలన్నీ కదులుతాయి. కుల సంఘం పెద్దలు ఆ వారంలో ఇంటింటికీ చదువు మాట చేరవేయాలి.

• తండ్రి వృత్తిని తక్కువ చేసి మాట్లాడొద్దు. జకార్డ్ డిజైన్, రంగుల అద్దకం, యంత్రాల మరమ్మతు తెలిసిన ఇంటి బిడ్డకు ఇచల్‌కరంజీ డీకేటీఈ లాంటి చోట టెక్స్‌టైల్ ఇంజినీరింగ్ చక్కటి దారి.

• పిల్లల ఇష్టం వినడానికి విడిగా సమయం కేటాయించాలి. పెద్దల ముందు నోరు విప్పలేని అమ్మాయి మాట టీచరే ముందుగా విని, ఆమె తరఫున సభలో చెప్పాలి.

వీటిలో దేనికీ పెద్ద నిధులు అక్కర్లేదు. కావాల్సింది ముందుచూపు, ఓపిక. బిడ్డ కాలేజీకి పోవాలన్న ఆశ నేతగాడి ఇంట్లో ఇప్పటికే ఉంది. ఆ ఆశకు తేదీలు, కాగితాలు, రూపాయల లెక్క జోడించడం బడి బాధ్యత. రాబోయే జూన్‌లో ఎనిమిదో తరగతి తెరిచే ప్రతి ప్రధానోపాధ్యాయుడూ తొలి పాలక్ సభ తేదీని తెలుగులోనూ రాసి ఇంటికి పంపాలి. ఆ చీటీ అందుకున్న ప్రతి ఇల్లూ తాతతో సహా బడికి వెళ్లాలి.